మాంసం కాలేదాకా

మేక తొడ నిప్పుల మీద సరిగ్గా కాలాలంటే గంటన్నర పడుతుంది. తొందరపెడితే పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది. అందుకని ఆదివారాలు చర్చి వదిలాక మా కెన్యాలో నకూరు హైవే పక్కనున్న ఆ తోట హోటలుకి వచ్చేవాళ్ళు ముందు మాంసం కొట్టు కిటికీ దగ్గర నిలబడతారు. కొక్కేలకి వేలాడుతున్నవాటిలో తమకి కావలసింది వేలుపెట్టి చూపిస్తారు, తూకం వేయించి కాల్చే గిచూరుకి అప్పజెప్తారు, అప్పుడు బల్లల దగ్గర కూలబడతారు. కప్పుల్లో ఎముకల సూపు వస్తుంది. బీరు వస్తుంది. ఫోన్లు బయటికొస్తాయి. ఆ గంటన్నరా పిల్లలు ఎవరి సొత్తు అంటే, నాసిమియు సొత్తు.

ఇక్కడ ఆడమనిషిని ఆమె పెద్ద బిడ్డ పేరుతో పిలుస్తాం, ఫలానావాడి అమ్మ అని. బిడ్డ లేని మనిషికి అలాంటి పిలుపు దొరకదు. నాసిమియుని అందరూ ఆంటీ అనేవాళ్ళు. తోట యజమాని అనేవాడు, మేనేజరు రోటిచ్ అనేవాడు, ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన గిచూరు కూడా అలాగే అనేవాడు.

ఆమె గదికి ఎదురు గదిలోకి నేను అద్దెకొచ్చేటప్పటికి ఇదంతా అయిపోయింది. కొంత ఆమె చెప్పింది, కొంత గిచూరు చెప్పాడు. గిచూరు తాగినప్పుడు ఎక్కువ చెప్తాడు, తాగనప్పుడు సరిగ్గా చెప్తాడు. నేను రెండూ విని, రెండింటికీ పొసగిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది కిమిలిలి వైపు. పెళ్ళయ్యాక ఆరేళ్ళు అత్తవారింట్లో ఉంది. పిల్లలు కలగలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. తోటికోడలు మాత్రం తన చంటిదాన్ని ఈమె ఒళ్ళోంచి తీసుకుంటూ, "పాపం, మరీ అలవాటు చేసుకోకు అక్కా" అనేదట. రోజూ అదే మాట, అదే మెత్తని గొంతుతో. ఒకరోజు మొక్కజొన్న కంకులు అమ్ముకురావడానికని బజారుకెళ్ళి, అక్కణ్ణించి బస్సెక్కేసింది.

తోటలో మొదట గిన్నెలు కడిగేది. ఒక ఆదివారం నాలుగేళ్ళ పిల్లాడొకడు ఎవరి మీదో అలిగి కళ్ళు మూసుకుని పరిగెత్తుకుంటూ నిప్పుల గుంట వైపు వచ్చాడు. గిచూరు చేతిలో మాంసం, కళ్ళ నిండా పొగ. పిల్లాణ్ణి చూడలేదు. ఈమె సబ్బు చేతులతో అడ్డంగా వచ్చి, వాణ్ణి బస్తాలాగా చంకకెత్తుకుని, బల్లల మధ్యనించి నడిచి వాళ్ళమ్మ ముందు దించింది.

"వీడు మీవాడేనా?"

"అవును, ఏం చేశాడు?"

"ఏం చేయలేదు. చేయాల్సింది మీరే చేయలేదు."

ఆ మాట యజమాని చెవిన పడింది. కోప్పడతాడనుకున్నారు. ఆయన నవ్వి, వచ్చే వారం నించి ఆటల పెరడు నువ్వే చూసుకో అన్నాడు.

పెరడంటే పెద్దదేం కాదు. గాలి కొట్టి నిలబెట్టే రబ్బరు కోట ఒకటి, దానికి మూడు చోట్ల అతుకులు. రెండు ఉయ్యాలలు. రంగేసిన ట్రాక్టరు టైరు. చుట్టూ తాడు. ఆ తాడు దగ్గర నాసిమియు తనకి తానే ఒక పద్ధతి పెట్టుకుంది. పిల్లల్ని ఎవరితోనో పంపిస్తే తీసుకునేది కాదు. తల్లిగాని తండ్రిగాని తాడు దాకా వచ్చి, పిల్లాడి మొహంలోకి చూసి, "అదిగో, ఆ బల్ల దగ్గర ఉంటాను" అని చెప్పి వెళ్ళాలి. తీసుకెళ్ళేటప్పుడు కూడా వదిలినవాళ్ళే వచ్చి చెయ్యి పట్టుకోవాలి. పిన్ని వచ్చినా మేనమామ వచ్చినా కుదరదు.

"ఇదేమన్నా బ్యాంకా ఆంటీ, సంతకాలు చూడ్డానికి?" అని రోటిచ్ విసుక్కునేవాడు. "కస్టమర్లు గొణుగుతున్నారు. సొంత అక్క కొడుకుని కూడా ఇవ్వనంటావటగా."

"అక్కొచ్చి అడిగితే ఇస్తాను."

"అక్క తింటోంది."

"తిననీయండి. తిన్నాకే రమ్మనండి."

రోటిచ్ తల కొట్టుకుని పోయేవాడు. కానీ ఆ పద్ధతి వల్లే జనం నమ్మారు. నకూరు నించి, నైవాషా నించి వచ్చేవాళ్ళు కారు దిగుతూనే, "ఆంటీ ఉందా ఇవాళ?" అని అడిగేవాళ్ళు. ఉందంటే వాళ్ళ భుజాలు ఒక్క అంగుళం కిందికి దిగేవని గిచూరు అంటాడు. నాసిమియుకి ఉన్నది అదే. బిడ్డని ఆమె చేతిలో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళగలిగే నమ్మకం. జీతం అందరికీ ఉంటుంది, అది ఆమె ఒక్కదానికే ఉండేది.

ఆ నమ్మకంలో ఉన్న తిరకాసు కూడా ఆమెకి తెలుసు. పిల్లలు పెరట్లోనే ఉండరు కదా. తాడు కింద దూరి బల్లల మధ్యకి పోతారు. ఉల్లి టమాటా ముక్కలు ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకుంటారు, ఎవరిదో సోడా ఒలకబోస్తారు, వేడివేడి మాంసం పలక మీద పెట్టుకుని తెచ్చే కుర్రాళ్ళ కాళ్ళకి అడ్డం పడతారు. అప్పుడు తల్లిదండ్రులు తలెత్తి చూసేది పిల్లాడి వైపు కాదు, ఈమె వైపు.

"అమ్మా, పాప ప్లేటు విసిరేసింది."

"చిన్నపిల్ల కదా ఆంటీ."

"పిల్ల చిన్నదే. ప్లేటు పెద్దది. పక్క బల్లాయన నుదురు చూడండి."

గిచూరు నిప్పులు ఎగదోస్తూ అనేవాడు: "చూడు ఆంటీ, మేకని ఎంచుకునేటప్పుడు నాలుగు పక్కలా తిప్పి చూస్తారు. ఎప్పుడు కోశావు, ఎక్కణ్ణించి తెచ్చావు అని అడుగుతారు. పిల్లాడెక్కడున్నాడో మాత్రం నన్నడుగుతారు."

"నువ్వేం చెప్తావు?"

"కాలుతున్నాడని చెప్తా."

ఆమె నవ్వకుండా ఉండాలని చూసి నవ్వేసేది.

ఇక ఆ ఆదివారం. ఆగస్టు, బడి సెలవులు. మురీథి తాతగారి కుటుంబం అయిదు కార్లలో వచ్చింది. ఆఖరి మనవరాలికి ఆ ఉదయమే చర్చిలో బాప్తిస్మం. తాతకి నలుగురు కొడుకులు. ఆయన మనుషుల్లో మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరే పెడతారు, అది తప్పనిసరి. కాబట్టి నలుగురు కొడుకుల ఇళ్ళలోనూ ఒక్కో మురీథి ఉన్నాడు. నలుగురు కోడళ్ళకీ ఒకటే పిలుపు, మురీథి వాళ్ళమ్మ. ముసలాయనకి ఇది భలే వేడుక. చేతికర్ర నేలకేసి కొట్టి "మురీథీ" అని కేకేసేవాడు. నలుగురు పిల్లలు నాలుగు మూలల నించి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. "మిమ్మల్ని కాదురా, నన్ను నేనే పిలుచుకున్నా" అని ఆయన పడిపడి నవ్వేవాడు.

నలుగురిలో చిన్నవాడికి నాలుగేళ్ళు. తాతగారి చివరి కొడుకు ఇరుంగు, అతని భార్య వంగేచి, వీడు వాళ్ళ కొడుకు. నైరోబీలో ఉంటారు. వంగేచి బ్యాంకులో పనిచేస్తుంది. వారమంతా తెల్లారకముందే ఇల్లు వదిలి, పిల్లాడు నిద్రపోయాక ఇంటికి చేరే మనిషి. ఆ సంగతి నాసిమియుకి ఎలా తెలిసిందంటే, తాడు దగ్గర ఆమె పద్ధతి ప్రకారం "అమ్మ ఎక్కడుంటుందో చెప్పండి బాబుకి" అనగానే, పిల్లాడే చెప్పాడట: "అమ్మ ఆఫీసులో ఉంటుంది."

"ఇవాళ ఇక్కడే ఉంటాలే, పో" అంది వంగేచి.

వాడు ఆ మాట నమ్మలేదు. పావుగంటకోసారి తాడు దూరి వెళ్ళి, తల్లి ఉందో లేదో చూసుకుని వచ్చేవాడు. ఊరికే చూసి రావడానికి ధైర్యం లేక ఏదో ఒకటి చేసేవాడు. ఒకసారి పెదనాన్న బీరులో ఉప్పు పోశాడు. ఒకసారి బల్ల మీది గుడ్డ లాగాడు. అక్క వరస పిల్ల చెయ్యి కొరికాడు. మాంసం కోసే కుర్రాడు పలకా కత్తీ నెత్తి మీదికెత్తి నిలబడిపోయాడు, వీడు కాళ్ళ మధ్యనించి దూరుతుంటే. నాసిమియు రెండుసార్లు చెయ్యి పట్టుకుని తల్లి దగ్గరికి తీసుకొచ్చింది.

"అమ్మా, బాబు ఆడుకోవట్లేదు. మీ పక్కన కూర్చుంటాడట."

"ఇప్పుడే కదమ్మా నేను కూర్చున్నాను."

"కాసేపు కూర్చోబెట్టుకోండి. ఈ అల్లరంతా చేసేది అందుకే."

"ఆంటీ, మరి నువ్వున్నది దేనికి?"

పక్కనున్న పెద్ద తోటికోడలు మధ్యలో దూరింది. "మావాడూ ఆ వయసులో అంతేనే. నువ్వు చూస్తే ఇంకా చేస్తాడు, చూడకు."

ఇరుంగు ఫోన్లోంచి తలెత్తకుండానే, "మురీథీ, ఆంటీ చెప్పినట్టు విను. చిప్స్ కొనిపెడతా" అన్నాడు.

నాసిమియు వాణ్ణి వెనక్కి తీసుకెళ్ళింది. ఏడ్చి ఏడ్చి వాడికి నిద్ర ముంచుకొచ్చింది. పెరటి వెనక సామాన్ల గదిలో మడతపెట్టిన గుడారం గుడ్డ ఉంటుంది. అలిసిన పిల్లల్ని దాని మీద పడుకోబెట్టడం ఆమెకి అలవాటే. పడుకోబెట్టి, తలుపు ఓరగా వేసి, బల్ల దగ్గరికెళ్ళి చెప్పింది: "బాబు సామాన్ల గదిలో నిద్రపోయాడమ్మా. వెళ్ళేటప్పుడు అక్కణ్ణించి తీసుకోండి." వంగేచి చెవి దగ్గర ఫోనుంది. సరే సరే అన్నట్టు చెయ్యి ఊపింది. ఈ మాటా, ఆ చెయ్యీ, రెండూ గిచూరు నిప్పుల దగ్గరనించి చూశాడు.

నాలుగైపోతుండగా వాన పడింది. మా వైపు వాన చెప్పి రాదు. మొదట గాలి, వెంటనే వడగళ్ళు. జనం ప్లేట్లు వదిలేసి లేచారు. గాలికి రబ్బరు కోట తాళ్ళు తెంచుకుంటోంది, లోపల ఇంకా పిల్లలున్నారు. నాసిమియూ ఇద్దరు కుర్రాళ్ళూ దాన్ని పట్టుకుని వేలాడుతుంటే, పెద్దవాళ్ళు తాడు దాటి లోపలికొచ్చి దొరికిన పిల్లల్ని దొరికినట్టు ఎత్తుకుపోయారు. "ఎవరూ, ఎవరు తీసుకెళ్తున్నారు, ఆగండమ్మా" అని ఈమె అరుస్తూనే ఉంది. ఆగినవాళ్ళు లేరు. అయిదు కార్ల ఇంజన్లూ ఒకేసారి మొదలయ్యాయి. ఒక కారు కిటికీలోంచి ఎవరో అడిగారు: "మురీథి ఎక్కాడా?" ఇంకో కారులోంచి జవాబు: "ఎక్కాడు, ఇక్కడే ఉన్నాడు." ఆ మాట అబద్ధం కాదు. తాతతో కలిపి లెక్కేస్తే ప్రతి కారులోనూ ఒక మురీథి ఉన్నాడు, ఒక్క ఇరుంగు కారులో తప్ప.

ఇరుంగూ వంగేచీ ఏమనుకున్నారంటే, సెలవులు కదా, కొడుకు మిగతా పిల్లలతో తాతగారి ఊరికి పోయాడని. అలాగే అనుకున్నారు ముందునించీ. వాడి బట్టల సంచి పొద్దున్నే పెద్దన్న గథోగో కారులో పెట్టేశారు. మా జనంలో పిల్లాడు ఏ కారెక్కితే ఆ కారువాడు. చిన్నాన్నా తండ్రే, పెద్దమ్మా తల్లే. ఎవరూ దాన్ని తప్పనుకోరు. గథోగో వాళ్ళేమనుకున్నారంటే, వానలో తల్లీతండ్రీ ఎత్తుకుని తమతో నైరోబీ తీసుకెళ్ళిపోయారని. సంచి ఉంది, పిల్లాడు లేడు. మరి సంచి మర్చిపోయారేమో అనుకున్నారు.

కోటని కిందికి దించి, తడిసి ముద్దయి సామాన్ల గదిలోకి వచ్చిన నాసిమియుకి పిల్లాడు నిద్ర లేచి కూర్చుని కనిపించాడు. "అమ్మ బల్ల దగ్గరుందా?" అని అడిగాడు.

రోటిచ్ ఆ బల్లలు బుక్ చేసిన నంబరుకి ఫోన్ చేశాడు. అది గథోగోది. ఆ ఫోను వానలో తడిసి చచ్చిపోయిందని తర్వాత తెలిసింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ చేశాడు. చీకటి పడుతోంది. తోట మూసేయాలి.

"పోలీసులకి చెబుదామా?" అంది నాసిమియు.

"ఈ వానలోనా? రేపు జనం ఏమంటారు ఆంటీ? ఆ తోటకెళ్తే పిల్లలు పోతారంటారు. కాసేపట్లో వాళ్ళే పరిగెత్తుకొస్తారు. నీతో తీసుకెళ్ళు. వాచ్‌మన్‌కి నీ గది చెప్పిపెడతా."

"మీరు చెప్పారనే తీసుకెళ్తున్నాను."

"అవును తల్లీ, నేనే చెప్పాను. పద."

ఇది నాతో చెప్తూ, "ఆయన వద్దన్నా నేను అడిగేదాన్నేమో" అంది. "నాకు తీసుకెళ్ళాలనే ఉంది. అది మాత్రం అబద్ధమాడను."

ఆ రాత్రి వాడికి మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలి ముద్దా సుకుమా ఆకుకూరా పెట్టింది. చేతులు కడిగి, పీట మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుంది. వాడు లేవలేదు, విసరలేదు. ముద్ద నొక్కి గుంట చేసి కూర అందులోకి తీసుకోవడం రెండుసార్లు చూపిస్తే నేర్చేసుకున్నాడు. తింటూ తింటూ ఆమెని అనుమానంగా చూశాడట.

"నువ్వు ఫోన్ చూడవా?"

"నా ఫోన్లో చూడ్డానికేం లేదు నాన్నా."

"మరేం చూస్తావు?"

"నువ్వెలా తింటున్నావో చూస్తున్నాను."

వాడు దాని గురించి ఆలోచించి, ఇంకో ముద్ద పెట్టమన్నాడు.

పొద్దున్నే తోటకి తీసుకొచ్చింది. సోమవారం బేరం పల్చగా ఉంటుంది. కుళాయి దగ్గర పెట్టె మీద కూర్చోబెడితే వాడు గిచూరుకి బఠాణీలు ఒలిచిపెట్టాడు. సగం తిన్నాడు, సగం ఒలిచాడు. రోటిచ్ మళ్ళీ ఫోన్ చేశాడు, మళ్ళీ పలకలేదు. నాసిమియు మళ్ళీ అడిగింది, పోలీసులకి చెప్పనా అని. "మధ్యాహ్నం దాకా చూద్దాం" అన్నాడు రోటిచ్. అప్పటికే ఆలస్యమైందని ఆయనకీ భయం పట్టుకుంది. రాత్రే చెప్పి ఉంటే ఒక మాట. ఇప్పుడు చెబితే రాత్రి ఎందుకు చెప్పలేదంటారు.

మధ్యాహ్నం భోజనాల వేళ వంగేచి ఆఫీసులోంచి అత్తగారికి ఫోన్ చేసింది. "మురీథికి ఒకసారి ఇవ్వండి అత్తయ్యా." ఫోను చేతులు మారింది. హలో అన్న గొంతు వినగానే, "వీడు కాదు, మావాడు" అంది. ఇంకొకడికిచ్చారు. వాడూ కాదు. అప్పుడు అవతల అత్తగారు నెమ్మదిగా అడిగింది, "మీవాడు మీతో రాలేదా అమ్మా?"

రెండు కార్లూ, వాటి ముందు పోలీసు జీపూ తోటలోకి వచ్చేటప్పటికి పిల్లాడు నాసిమియు ఒళ్ళో నిద్రపోతున్నాడు. వంగేచి పరిగెత్తుకొచ్చి వాణ్ణి లాక్కుంది. గాఢనిద్రలోంచి లాగితే ఏ పిల్లాడైనా ఏం చేస్తాడు. ఏడుస్తూ నాసిమియు గౌను గుప్పిట్లో పట్టుకున్నాడు, వదల్లేదు. ఆ గుప్పిట ఒక్కో వేలూ విప్పవలసి వచ్చింది.

"ఏం తినిపించావు వీడికి?" అంది వంగేచి. "నా బిడ్డకి ఏం పెట్టావు?"

"ఉగాలి పెట్టానమ్మా. నిన్న మీకు చెప్పాను, సామాన్ల గదిలో ఉన్నాడని."

"ఎప్పుడు చెప్పావు? నాకెవరూ చెప్పలేదు. ఇరుంగూ, నాకెవరైనా చెప్పారా?"

ఇరుంగు తల అడ్డంగా ఊపాడు. అతను నిజంగానే వినలేదు.

గిచూరు నిప్పుల దగ్గరనించి వచ్చి, "చెప్పింది. మీరు ఫోన్లో ఉన్నారు. నేను చూశాను" అన్నాడు. పోలీసాయన అతన్ని కిందినించి పైదాకా చూసి, "నువ్వు వాసనొస్తున్నావు, పక్కకి నిలబడు" అన్నాడు. ఆ రోజు గిచూరు తాగలేదు. ముందు రోజు చొక్కా మార్చలేదంతే.

రోటిచ్‌ని అడిగారు. రోటిచ్ యజమాని మొహం వైపు చూశాడు, జీపు వైపు చూశాడు. "నేను సాయంత్రం లెక్కల్లో ఉన్నాను సార్. పొద్దున్న వచ్చాకే నాకు తెలిసింది. వెంటనే ఫోన్ చేస్తూనే ఉన్నాను" అన్నాడు. ఆ పెదవులు ఆ మాట చెప్తుంటే చూస్తూ నిలబడ్డానంది నాసిమియు. ఆయన ఇంకా ఏదో చెప్తాడని, చెప్పాలని, అలాగే చూస్తూ.

పోలీసాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నీకెంతమంది పిల్లలు?"

"లేరండీ."

"పెళ్ళయిందా?"

"అయింది. వచ్చేశాను."

"పిల్లల్లేరనా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇంకెవరూ ఏమీ అడగక్కర్లేదన్నట్టు అయిపోయింది. ఒక ఆడమనిషి ఫోనెత్తి నాసిమియు మొహానికి దగ్గరగా పెట్టి బొమ్మ తీసింది. ఆమె వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరూ చూసిన బొమ్మ అదే, మొహం దాచుకుంటున్న మనిషి.

మురీథి తాత కారులోంచి దిగాడు. చేతికర్ర మీద ఆనుకుని కొడుకుల్ని అడిగాడు: "నిన్న వాననించి ఇవాళ మధ్యాహ్నం దాకా నా పేరు పెట్టుకున్న పిల్లాడు ఎక్కడున్నాడని మీలో ఒక్కడికీ తోచలేదా? ఈమెని అడిగే ముందు అది చెప్పండి నాకు."

"నాన్నా, ఎండలో నిలబడకండి" అన్నాడు గథోగో.

"నేనడిగింది ఎండ గురించి కాదురా."

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. కారెక్కండి."

ముసలాయన నాసిమియు వైపు చూశాడు, ఏదో అనబోయాడు. తర్వాత పెద్ద కొడుకు చెయ్యి పట్టుకుని కారెక్కాడు.

స్టేషన్లో ఆమెని రెండు రాత్రులు ఉంచారు. కేసు రాయాలంటే తల్లిదండ్రులు వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. ఎన్ని గంటలకి పిల్లాడు కనబడలేదని తెలిసింది, ఎన్ని గంటలకి వెతకడం మొదలుపెట్టారు, అన్నీ చెప్పాలి. వాళ్ళు రాలేదు. పోలీసులు రెండుసార్లు కబురు పంపి ఊరుకున్నారు. మూడోనాడు పొద్దున, "ఇంటికి పో. మళ్ళీ ఎవరి పిల్లల జోలికీ పోకు" అని పంపేశారు. వాళ్ళు రాకపోవడం వల్ల ఆమె జైలు తప్పింది. అదే రాకపోవడం వల్ల ఆమె దొంగ కాదని చెప్పే కాగితం కూడా ఎక్కడా పుట్టలేదు.

ఆపాటికి ఆ బొమ్మ అన్ని ఫోన్లలోనూ తిరిగింది. ఆదివారం పిల్లలతో తోటలకెళ్ళే తల్లులంతా ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు. జాగ్రత్త, పిల్లల్లేని మనిషి, మత్తుపెట్టి రాత్రంతా దాచింది అని. అందులో కొందరు ఏళ్ళ తరబడి తమ పిల్లల్ని తాడు దగ్గర ఈమె చేతికిచ్చినవాళ్ళు. మిల్లు దగ్గర ఒకావిడ ఈమెని చూసి పాప చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి మారింది. ఆ పాప, "అమ్మా, ఆంటీ" అని వెనక్కి తిరిగి చూపిస్తూనే ఉంది.

రోటిచ్ గదికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకూ పిల్లలున్నారు ఆంటీ. ఉద్యోగం పోతే..." అన్నాడు.

"తెలుసు."

"యజమాని నిన్ను పూర్తిగా తీసేయమన్నాడు. నేనే మాట్లాడి వెనక గిన్నెల దగ్గరికి ఒప్పించాను. ముందుకి మాత్రం రాకూడదు. ఎవరికీ కనపడకూడదు."

నేనైతే మొహం మీద తలుపేసేవాణ్ణి అన్నాను ఆమెతో. "తలుపేస్తే ఎక్కడ తింటాను?" అంది. సోమవారం నించి పనికెళ్ళింది.

ఇప్పుడు పెరట్లో కొత్త పిల్ల ఉంది. కాలేజీ మానేసిన పిల్ల, మంచిదే. ఆమెకి పెరటితో పాటు డబ్బులు తీసుకునే పని కూడా అంటగట్టారు. తాడు తీసేశారు, కస్టమర్లకి చిరాకుగా ఉంటోందని. పిల్లలు ఎవరితో వస్తారో ఎవరితో పోతారో అడిగేవాళ్ళు లేరు. గిచూరు ఒక ఆదివారం నిప్పుల గుంట దగ్గర కాలుతున్న కట్టె చేత్తో పట్టుకోబోయిన పిల్లని మోచేత్తో ఆపాడు. చేత్తో ముట్టుకోవడానికి భయపడ్డాడట. ఆ పిల్ల తండ్రి వచ్చి, మా పాపని ఎందుకు తోశావని గొడవపెట్టాడు. అప్పటినించి అతను నిప్పుల చుట్టూ ఖాళీ బీరు పెట్టెలు పేర్చుకుని లోపల నిలబడి పనిచేస్తున్నాడు.

ఇరుంగు కుటుంబం మళ్ళీ వచ్చిందా అని గిచూరుని అడిగాను. వస్తారన్నాడు. ఇక్కడ మాంసం బాగుంటుంది మరి. చిన్న మురీథికి ఇప్పుడు బొమ్మలు చూసుకునే టాబ్లెట్ ఒకటి కొనిచ్చారు. వాడు దాన్ని సోడా సీసాకి ఆనించి పెట్టుకుని, తలెత్తకుండా కూర్చుంటాడు. నోట్లో ఎవరో ఏదో పెడితే నములుతాడు. ఎంత బుద్ధిమంతుడో చూడండని పక్క బల్లలవాళ్ళు మెచ్చుకుంటారు.

గిన్నెల గదికి పెరటి వైపు ఒక చిన్న కిటికీ ఉంది. దానికి నాసిమియు పిండి సంచి కట్టేసింది. చూపు ఆగుతుంది గానీ చప్పుడు ఆగదు కదా అన్నాను. ఉయ్యాల మీంచి పడి ఒక పిల్లాడు ఏడుస్తాడు. ఆ ఏడుపులో దెబ్బ ఎంత తగిలిందో, ఎవరైనా వస్తారని ఏడుస్తున్నాడో, రారని తెలిసి ఏడుస్తున్నాడో ఆమెకి విడివిడిగా తెలుస్తుంది. అది తెలియకుండా ఉండడం ఆమె చేతిలో లేదు.

"అప్పుడేం చేస్తావు?" అని అడిగాను.

"కుళాయి పూర్తిగా తిప్పేస్తాను" అంది. "కింద రేకు తొట్టి. నీళ్ళు పడుతుంటే ఇంకేం వినబడదు. ఏడుపు ఆగి ఉంటుందనిపించాక కట్టేస్తాను."

నీళ్ళు ఊరికే పారబోస్తున్నావని రోటిచ్ తిడుతున్నాడట. తిట్టనీ అంది. ఒక్కోసారి తను అనుకున్నదానికన్నా ఏడుపు ఎక్కువసేపు ఉంటుంది. అప్పుడు మళ్ళీ తిప్పుతుంది.